నాలుగు వందల పన్నెండు మాటలు

"ఇవాళ ఇల్లెంత ప్రశాంతంగా ఉందో చూశావా?" అన్నారు మా ఆయన.

శనివారం సాయంత్రం. కూరల సంచీ గట్టు మీద పెట్టి, వేళ్ళ మీద పడ్డ ఎర్రటి గీతలు రుద్దుకుంటున్నాను. "నేను ఇంట్లో లేకపోతే అంత ప్రశాంతమా?" అని నవ్వి, ఉల్లిపాయలు బుట్టలో పోస్తూ ఉండగా తట్టింది, ఇంట్లో నా గొంతు వినపడటం లేదని. నేను ఇంట్లో ఉన్నా లేకపోయినా పొద్దుటి నుంచి రాత్రి వరకు మా ఇంట్లో నా గొంతు వినపడుతూనే ఉంటుంది. చేతిలో ఉల్లిపాయలు అలాగే వదిలేసి ముందు గదిలోకి పరుగెత్తాను.

చిలక సోఫా మూల కూర్చుని ఉంది. చిలక మా అమ్మాయి, తొమ్మిదేళ్ళు. పుట్టిన కొత్తలో దాని ముక్కు చూసి ముచ్చటపడి మా అత్తగారే ఆ పేరు పెట్టారు. దానికి మాట రాదని డాక్టర్లు తేల్చాక ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. నేనొక్కదాన్నే మానలేదు. అది టాబ్లెట్‌తో మాట్లాడుతుంది. తెర మీద గ్లాసు బొమ్మ నొక్కితే "నీళ్ళు" అంటుంది, కిటికీ బొమ్మ నొక్కితే "బయటికి" అంటుంది. ఆ యాప్ రాసింది నేను. అందులో ఉన్న నాలుగు వందల పన్నెండు మాటలూ నా గొంతుతో నేనే రికార్డు చేశాను. పిల్ల కోసం ఉద్యోగం మానేసిన ఏడాది, గిన్నెలు తోమడానికీ బట్టలు ఆరేయడానికీ మధ్య దొరికిన అరగంటల్లో రాసుకున్నాను దాన్ని. అప్పట్లో మా ఆయన దాన్ని టైంపాస్ అనేవారు. పిల్ల దాంతో తొలిసారి "అమ్మ" అన్నాక, ఆఫీసులో "మేమిద్దరం చేశాం" అని చెప్పుకున్నారు. పోయినేడాది ఎవరో స్నేహితుడికి ఫోన్లో "నేనే చేయించాను" అంటుంటే విన్నాను. నాకేం కోపం రాలేదు, పిల్ల మాట్లాడుతోంది కదా, ఎవరు చేశారంటే ఏమిటి అనుకున్నాను. అలా అనుకుని అనుకుని ఎన్ని వదిలేశానో లెక్కలేదు.

టాబ్లెట్ దాని ఒళ్ళోనే ఉంది. యాప్ బొమ్మ నొక్కాను. తెర ఒక్క క్షణం తెల్లబడి మూసుకుపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే టాబ్లెట్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ పడి ఉంది.

"ఏమండీ, దీన్ని అప్‌డేట్ ఎవరు చేశారు?"

"దానంతటదే అయినట్టుంది" అన్నారు ఆయన, చేతిలో ఫోన్ నుంచి తలెత్తకుండా. "ఇవాళా రేపూ అన్నీ వాటంతటవే అవుతున్నాయిగా."

టాబ్లెట్ వెనక రెండేళ్ళ కిందట నేను అంటించిన చీటీ ఉంది. "అప్‌డేట్ చేయవద్దు, యాప్ పోతుంది" అని పెద్దక్షరాలతో రాసి, చెరగకుండా పైన టేపు కూడా వేశాను. ఎందుకంటే ఆ యాప్‌లో శబ్దం పలికించే భాగం నాది కాదు. పాత ఆఫీసులో నాతో పనిచేసిన ఓ పెద్దాయన, అందరం మీసాలాయన అనేవాళ్ళం, తయారుచేసి ఇచ్చిన లైబ్రరీ అది. పాత చిప్ కోసం కట్టింది. కొత్త వెర్షన్లు ఆ పాత చిప్ భాషని పూర్తిగా మానేశాయి. కొత్తగా కట్టుకోవాలని నాకు ఎప్పటినుంచో తెలుసు, తీరిక దొరికినప్పుడు కూర్చుందామనుకున్నాను. నాకు తీరిక దొరకడం ఏమిటి, నా వెర్రి కాకపోతే!

"ఎంతలే, ఓ గంట పని. నీకు వచ్చుగా" అన్నారు ఆయన.

ఆదివారం పొద్దున వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ తెరిచాను. యాప్‌ని కొత్తగా కట్టడానికి బిల్డ్ నొక్కగానే తెర నిండా ఎర్రటి వరసలు. కోడ్ ముక్కల్ని కలిపి కుట్టే లింకర్ చెప్పేది ఒక్కటే: కొత్త చిప్ arm64 కోసం నలభై మూడు పేర్లు వెతికాను, ఒక్కటీ దొరకలేదు. ఆ పేర్లన్నీ ఉన్న లైబ్రరీ దాని పక్కనే ఉంది. కానీ అది వేరే చిప్ కోసం కట్టింది కాబట్టి చూసీ చూడనట్టు పక్కన పెట్టేశాను అని పైన ఎక్కడో పసుపుపచ్చ అక్షరాలతో ఓ హెచ్చరిక కూడా పెట్టింది. ఎర్రవాటి కంగారులో పచ్చదాన్ని చదవకుండా గంటన్నర పోగొట్టుకున్నాను. ఈ పని చేసినవాళ్ళందరూ చేసే తప్పే అది. ఇంతలో అత్తయ్య వచ్చి, "ఆ పెట్టెలో తల దూర్చి కూర్చుంటే పొయ్యి మీద పాలు ఎవరు చూస్తారమ్మా? నీకు కూడా ఇప్పుడు ఆఫీసా?" అన్నారు. పాలు పొంగాయి. గట్టు తుడిచాను.

చిలక పది నిమిషాలకోసారి వచ్చి టాబ్లెట్ నా చేతికిచ్చేది. "ఉండమ్మా, బాగుచేస్తున్నా" అని తిరిగిచ్చేదాన్ని. అది తీసుకెళ్ళి మళ్ళీ యాప్ బొమ్మ నొక్కేది. తెర తెల్లబడటం, మూసుకుపోవడం. బొమ్మలు కాగితం మీద గీసి అట్ట కార్డులు చేసిచ్చాను. అది గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టి, చెవి కార్డుకి ఆనించి కూర్చుంది, నా గొంతు వస్తుందేమోనని. అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

లైబ్రరీ అసలు కోడ్ ఉంటే తప్ప దారి లేదని సోమవారం మీసాలాయనకి ఫోన్ చేశాను. ఎనిమిదేళ్ళయింది మాట్లాడి.

"దాన్ని ఇంకా వాడుతున్నావా తల్లీ?" అన్నారు ఆయన ఆశ్చర్యంగా. "అందులో తప్పులన్నీ పట్టుకున్నది నువ్వే కదా, నాకింకా గుర్తు. మన టీములో లింకర్ చెప్పేది అర్థమయ్యేది నీ ఒక్కదానికే. ఎక్కడ చేస్తున్నావిప్పుడు?"

"ఇంట్లోనే ఉంటున్నానండీ."

"పాత డిస్కులో ఉండాలి, వెతికి పంపిస్తా" అన్నారు ఆయన. మధ్యాహ్నానికల్లా పంపించారు. ఆ పొద్దున ఆయన ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. నాకు ఒక పని బాగా వచ్చని నాతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో.

ఆ కోడ్ నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. అది అడిగే పాత సి ప్లస్ ప్లస్ లైబ్రరీని టాబ్లెట్ కంపెనీ ఎప్పుడో తీసిపారేసింది, దాని బదులు కొత్తదాన్ని తగిలించాను. తర్వాత అరవై చోట్ల ఒకే తప్పు. ఫలానా ఫంక్షన్ ఉందని ముందు చెప్పకుండా వాడుకుంటున్నావు అంటుంది, కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్. పాత కంపైలర్ ఇలాంటివాటికి హెచ్చరించి వదిలేసేది, కొత్తది ఒప్పుకోనంటోంది. అరవై చోట్లా వెళ్ళి, ఒక్కో ఫంక్షన్ పేరూ ముందే చెప్పి రాస్తుంటే నాకు ఆ కంపైలర్ మీద ఇష్టం పుట్టింది. ఇన్నాళ్ళూ చూసీచూడనట్టు పోయినవాటిని ఇక పోనివ్వనని ఎంత స్థిమితంగా అంటోందో! మధ్యలో అన్నం వండాను, చిలకకి స్నానం చేయించాను, మా ఆయన చొక్కాలు నాలుగు ఇస్త్రీ చేశాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, "ఇంకా అవలేదా? మా టీములో కుర్రాళ్ళయితే ఈపాటికి చేసి పడేసేవాళ్ళు" అన్నారు. "అయితే వాళ్ళనే పిలవండి" అన్నాను. మనసులో.

మంగళవారం మధ్యాహ్నం బిల్డ్ అయింది. లాప్‌టాప్ తెర మీద టాబ్లెట్ బొమ్మ తెరుచుకుని, అందులో మా యాప్ కనపడింది. గ్లాసు మీద క్లిక్ చేశాను. "నీళ్ళు" అంది నా గొంతు. లోపలి గదిలోంచి చిలక ఒక్క ఉదుటున పరుగెత్తుకొచ్చింది. నన్ను తోసుకుని ముందుకొచ్చి, లాప్‌టాప్ తెర మీద అమ్మ బొమ్మని వేలితో నొక్కింది. అది నొక్కితే పలికే తెర కాదు. మళ్ళీ నొక్కింది. రెండు చేతులతో నొక్కింది. దాని వేళ్ళ తడి తెర మీద పడింది తప్ప మాట రాలేదు. తొందరపాటులో నేను లైబ్రరీని కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి టాబ్లెట్ కోసం కట్టాను, చేతిలో ఉన్న అసలుదాని కోసం కట్టలేదు. కేబుల్ పెట్టి టాబ్లెట్‌లో వేయబోతే లింకర్ అదే మాట చెప్పి తిప్పికొట్టింది. చిలక నా వైపు ఒకసారి చూసి, చేతులు ఫ్రాకుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

అసలుదాని కోసం మళ్ళీ కట్టడానికి ఇంకో గంటన్నర పట్టింది. ఈసారి టాబ్లెట్‌లో యాప్ తెరుచుకుంది, నిలబడింది. "చిలకా, రా అమ్మా!" అని అరిచాను. రాలేదు. నేనే వెళ్ళి దాని ఒళ్ళో పెట్టాను. అది ముట్టుకోలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది. "నీళ్ళు" నేనే నొక్కాను, "అమ్మ" నేనే నొక్కాను. కదల్లేదు. నాలుగు రోజుల్లో దానికి అర్థమైపోయింది, నొక్కితే ఎవరూ రారని. ఇన్నేళ్ళు కూడబెట్టి నేర్పినదంతా నాలుగు రోజుల్లో పోయింది.

పాత వివరాలన్నా మిగిలాయా అని చూడటానికి యాప్‌లో నేను దాచే చిట్టా తెరిచాను. చిలక ఏ బొమ్మ ఎప్పుడు నొక్కిందో, ఏ పేజీ తెరిచిందో అందులో నమోదవుతుంది. స్పీచ్ నేర్పే టీచరుకి చూపించడానికి పెట్టుకున్నది. చివరి వరసలు శనివారం మధ్యాహ్నం నాలుగు గంటల ఆరు నిమిషాలకి ఉన్నాయి. అప్పుడు నేను మార్కెట్లో ఉన్నాను.

తిండి పేజీ తెరిచింది. మూసింది. ఆటల పేజీ తెరిచింది. ఒంటి పేజీ తెరిచి "నొప్పి" అంది. బట్టల పేజీ. మనుషుల పేజీలో "అమ్మ". మళ్ళీ మొదటి నుంచి తిండి, ఆటలు, ఒళ్ళు, బట్టలు. "అయిపోయింది" అంది. "బయటికి" అంది. "అమ్మ" అంది. ఆ తర్వాత పదకొండుసార్లు "అమ్మ". అంతటితో ఆగిపోయింది చిట్టా.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్ళీ మొదటి వరస నుంచి చదివాను. ఎవరో దాని చేతిలోంచి టాబ్లెట్ లాక్కుంటున్నారు. అది మాట కోసం వెతుకుతోంది. పేజీ తర్వాత పేజీ, నాలుగు వందల పన్నెండు మాటల్లో ఒక్క మాట కోసం వెతుకుతోంది. ఆ మాట అందులో లేదు. తీసేసింది నేనే.

రెండేళ్ళ కిందటి సంగతి. "వద్దు" అనే మాట పెట్టిన కొత్తలో చిలక రోజంతా అదే నొక్కేది. స్నానం వద్దు, పాలు వద్దు, నానమ్మ ఒళ్ళో కూర్చోమంటే వద్దు. ఇంటికొచ్చినవాళ్ళు నవ్వారు. అత్తయ్య చిన్నబుచ్చుకున్నారు. "మాటలు రాని పిల్లకి నేర్పక నేర్పక ఆ మాటే దొరికిందా? వినేవాళ్ళు తల్లి నేర్పిందనుకుంటారు" అన్నారు. "కొన్నాళ్ళు తీసెయ్, పోయేదేముంది?" అన్నారు ఆయన. ఇంట్లో గొడవెందుకని ఆ మాట తీసేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్ళీ పెడదామని మర్చిపోయాను కూడా.

ఆయన వచ్చాక టాబ్లెట్ ముందు పెట్టి అడిగాను. "పాస్‌కోడ్ కొడితే తప్ప ఇది అప్‌డేట్ అవదు. దానంతటదే ఎలా అయిందండీ?"

చాలాసేపు బూట్ల లేసులు విప్పుతూ కూర్చున్నారు. "ఆ రోజు పొద్దుట్నుంచీ అమ్మ, అమ్మ అని అదే మాట, అదే మాట. తల పగిలిపోయింది" అన్నారు చివరికి. "లాక్కుంటే ఏడుస్తుంది. తీసుకుని అప్‌డేట్ పెట్టి తిరిగిచ్చేస్తే గంటసేపు మూగబోతుందని పెట్టాను. చీటీ చూశాను. నువ్వు ఎలాగూ బాగుచేస్తావుగా అనుకున్నా." తలెత్తి, "చేశావుగా!" అన్నారు, ఊరటగా.

నేనేం అరవలేదు. వెళ్ళి గది తలుపు వేసుకుని మైకు పెట్టుకున్నాను. "వద్దు" అన్నాను. తిరిగి వింటే బతిమాలుతున్నట్టుంది. మళ్ళీ అన్నాను, క్షమించమన్నట్టుంది. మూడోసారి చివర్లో నవ్వు కలిసింది, ఎవరి మనసూ నొప్పించకుండా నేను ఎప్పుడూ కలిపే నవ్వు. నాలుగు వందల పన్నెండు మాటలు ఒకటి రెండు ప్రయత్నాల్లో రికార్డు చేసినదాన్ని, ఈ రెండక్షరాల దగ్గర పద్నాలుగుసార్లు కూర్చున్నాను. నలభై రెండేళ్ళలో ఈ మాట నేను సరిగ్గా ఒక్కసారీ అనలేదని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, పదిహేనోసారి అన్నాను. గొంతు కొంచెం బొంగురుపోయింది, కానీ అందులో ఎవరినీ అడుగుతున్నట్టు లేదు. దాన్నే ఉంచాను. ఎర్రటి చెయ్యి బొమ్మ పెట్టి ప్రతి పేజీలోనూ పైన మొదటి గడిలో వేశాను, వెతుక్కోనక్కర్లేకుండా. ఇక ఈ ఇంట్లో ఎవరు నొచ్చుకున్నా ఆ గడి అక్కడే ఉంటుంది.

తీసుకెళ్ళి చిలక పక్కన నేల మీద కూర్చుని, దాని ఒళ్ళో పెట్టాను. ఎర్ర చెయ్యి ఒకసారి నొక్కి వినిపించాను. ఏమీ చెప్పలేదు, నొక్కమనలేదు. చాలాసేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం. బ్యాటరీ తక్కువగా ఉందని చూసి, చార్జింగ్ పెడదామని టాబ్లెట్ తీసుకోబోయాను.

దాని వేలు కదిలింది. "వద్దు" అంది నాతో, నా గొంతుతోనే.

అని, ఊపిరి బిగబట్టి నా ముఖంలోకి చూసింది, ఆ మాట పనిచేస్తుందా లేదా అని.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.