సభ్యులు కానివారు

జ్ఞానేశ్వరి పెనం మీద అట్టు తిప్పుతుండగా హాల్లో ఆమె ఫోను మోగింది. ఎత్తింది భర్త అచ్యుతరామారావు.

"థాంక్సండీ. అవునండీ, మా ఆవిడే, జానపద కళల అకాడమీకి చైర్‌పర్సన్. అబ్బే, మా సొసైటీకేం ఢోకా లేదండీ. మా తమ్ముడు శరత్‌చంద్ర చూసుకుంటాడు."

అట్టు మాడింది. శరత్ సంగతి తనతో ఎవరూ అనలేదు.

గవర్నర్‌పేటలో ఓ పాత లాడ్జి మేడ మీద ఆ సొసైటీ. బుర్రకథ చెప్పే కుటుంబాల ఆడవాళ్లకు శిక్షణనిచ్చి, ప్రదర్శనలు ఇప్పించడం దాని పని. పదహారేళ్లుగా జ్ఞానేశ్వరే అధ్యక్షురాలు. "సంసారులు చేసే పనేనా ఇది, డక్కీలు వాయించేవాళ్లని వెంటేసుకుని ఊళ్లు తిరగడం?" అనేవారు అత్తగారు. ఆ మాటలు పడుతూనే వంట ముగించి, ఆవిడకి మాత్రలిచ్చి, దివిసీమ ఊళ్లకి బస్సెక్కేది. తిరిగొచ్చేసరికి అంట్లు అలాగే ఉండేవి. పేపర్లో ఫోటోలు పడటం మొదలయ్యాకే అచ్యుతరామారావుకి ఆ పని మీద ఆసక్తి పుట్టింది. "నీకు లౌక్యం తెలీదు, నేను మాట్లాడతాలే" అంటూ మీటింగులకొచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చునేవాడు. కిందటేడు తమ్ముణ్ణి సభ్యుడిగా చేర్పించాడు. సొసైటీ కార్యదర్శి మనోజ్ఞ ఒకసారి అందరి ముందూ అడిగేసింది: "మేడం, ఈ నిర్ణయం మీదా, సార్‌దా?" ఆ రోజు జ్ఞానేశ్వరికి ఒళ్లు మండింది. మండింది భర్త మీద కాదు, మనోజ్ఞ మీద.

మధ్యాహ్నం మీటింగుకి వెళ్తూ కారులో ఆయనే చెప్పాడు. "అకాడమీకి వెళ్తే ఇది వదలాలిగా. రాజీనామా చదివేసి శరత్ పేరు నువ్వే ప్రతిపాదించు. ఆ హాలు వాడి కోచింగ్ సెంటర్‌కి పనికొస్తుంది. మీవాళ్లు ఆదివారాలు వస్తే చాల్దూ?"

మేడ మెట్ల దగ్గర ఆదెమ్మ ఎదురొచ్చింది. అక్కడ కథ నేర్పేది ఆమే. "మీకు పెద్ద పదవొచ్చిందంటగా, సంతోషం అమ్మా," అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే అడిగింది: "మా హాలు ఉంటదా?"

జ్ఞానేశ్వరి ఆ చెయ్యి ఒకసారి నొక్కి మెట్లెక్కింది.

లోపల అందరూ కూర్చున్నారు. పక్క కుర్చీలోంచి అచ్యుతరామారావు "ఊఁ, మొదలెట్టు" అన్నాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో నలుగురిలో ఆయన మాట కాదన్న రోజు లేదు. గదిలో ఏడ్చి, ముఖం కడుక్కుని, బయటికొచ్చి కాఫీ ఇచ్చిన రోజులే అన్నీ. ఇప్పుడు ఊరుకుంటే ఏమవుతుంది? శరత్ వస్తాడు. డక్కీలు కట్టగట్టి బయట పెడతారు. తను అకాడమీ కుర్చీలో కూర్చున్నా, దాని పక్కన ఆయనకి ఇంకో కుర్చీ పడుతుంది.

"ఏమండీ, మీరు కాసేపు బయట కూర్చోండి. ఇది సభ్యుల మీటింగు."

ఆయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"నేనా?"

"మీరే."

"వదినా, అన్నయ్యని పట్టుకుని అలా..." అని శరత్‌చంద్ర లేవబోయాడు.

"నువ్వు సభ్యుడివి శరత్, కూర్చో."

అచ్యుతరామారావు కుర్చీ వెనక్కి తోసి వెళ్లిపోయాడు. జ్ఞానేశ్వరి రాజీనామా చదివింది. "నా తర్వాత అధ్యక్షురాలిగా మనోజ్ఞ పేరు ప్రతిపాదిస్తున్నాను" అంది.

"నా పేరా మేడం?" మనోజ్ఞ తెల్లబోయింది.

"అడగాల్సింది అడిగింది నువ్వొక్కదానివే."

శరత్‌చంద్ర చెయ్యి తప్ప అన్ని చేతులూ లేచాయి.

కింద ఆయన కారు పక్కనే నిలబడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. "ఈ పోస్టు కోసం ఎవరెవరి కాళ్లు పట్టుకున్నానో తెలుసా? ఒక్క ఫోన్ కొడితే ఆ ఆర్డరు ఆగిపోద్ది."

ఆయన నలుగురికీ ఫోన్లు చేసిన మాట నిజమే. ఆ నలుగురితో చెప్పుకోవడానికి తన పదహారేళ్ల పని ఉండటమూ నిజమే. భయం వేసింది. ఆ పదవి తనకి ఎంత కావాలో అప్పుడే తెలిసింది ఆమెకి.

"కొట్టండి," అంది. "ఆగితే ఆగనీండి. ఆగకపోతే మాత్రం, సోమవారం చార్జి తీసుకోడానికి నేనొక్కదాన్నే వెళ్తాను."

ఆయన కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె రోడ్డు దాటి ఆటో ఎక్కింది.