చెయ్యి తిరిగిన మనిషి

ఆ సెలూన్‌లో ఆమెని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె "అరవై". అసలు వయసు అందులో సగం దాటిందంతే. యజమాని ఒకసారి ఏదో మీటింగుకి వెళ్ళొచ్చి, పనివాళ్ళందర్నీ అద్దాల ముందు నిలబెట్టి, మీ మీ గోల్ ఏంటో చెప్పమన్నాడు. ఒకామె సొంత షాపు అంది. ఇంకొకామె సినిమావాళ్ళ జుట్టు కత్తిరిస్తానంది. ఈమె వంతు వచ్చేసరికి, అరవై ఏళ్ళొచ్చినా కత్తెర నా చేతిలోనే ఉండాలి అంది. షాపంతా పడీ పడీ నవ్వింది. గోల్ చెప్పమంటే ఈ గోలేంటని యజమాని కూడా నవ్వాడు.

నవ్వితే నవ్వారు. ఆమె మాత్రం ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఒక తల అయ్యాక ఇంకో తల మొదలెట్టేలోపు కాసేపు కూర్చుని, గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి, వేళ్ళు చాపి ముడిచేది. మధ్యాహ్నం తిండి కూర్చునే తినేది. కుడిచేతికి బరువు తగ్గించాలని ఎడంచేతివాటం కత్తెర ఒకటి తెప్పించుకుని, తీరిక దొరికినప్పుడల్లా బొమ్మ తల మీద సాధన చేసేది. ఆ బొమ్మ పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

ఇంత పట్టుదల ఊరికే రాలేదు. ఇదే షాపులో, కిటికీ పక్కనున్న ఇదే కుర్చీ వెనక, ఒకప్పుడు వాళ్ళక్క నిలబడి పనిచేసేది. చెల్లెల్ని పనిలో పెట్టించిందీ ఆమే. అక్క మంచినీళ్ళు కూడా నిలబడే తాగేది. ఎవరైనా "చెయ్యి తిరిగిన మనిషి" అంటే చాలు, పొంగిపోయి ఇంకో తల ఒప్పుకునేది. ఏళ్ళు గడిచేసరికి మణికట్టు వాచింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఒకరోజు కత్తెర జారి కింద పడింది, మళ్ళీ తియ్యలేకపోయింది. వెళ్ళిపోయే రోజు యజమాని పెద్ద పూలగుత్తి ఇచ్చాడు. అది మోసుకొచ్చింది కూడా చెల్లెలే.

ఇప్పుడు ఎదురుగా కొత్త సెలూన్ వెలిసింది. యజమానికి కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే అందర్నీ పిలిచి, ఇకమీదట ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు, కుదరనివాళ్ళు కుర్చీ వదులుకోవచ్చు అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. వాళ్ళననడానికి లేదు, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి.

ఆమె మొదటి తల ముగించింది. రెండో ఆవిడ వచ్చి కూర్చుంది. ఆవిడని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఎప్పట్లాగే వెనక్కి వెళ్ళి, గిన్నెలో వేడినీళ్ళు పోసుకుని, స్టూల్ మీద కూర్చుంది.  యజమాని గబగబా వచ్చాడు.

"పొద్దున చెప్పింది వినపడలేదా?"

"వినపడిందండీ. నాకు కుదరదు."

అందరూ చూస్తున్నారని గొంతు తగ్గించాడు. "మీ అక్కని చూసైనా నేర్చుకోవాలి కదమ్మా. చెయ్యి తిరిగిన మనిషి. ఒక్కరోజైనా కూర్చుందా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చేతులు నీళ్ళలోంచి తీసి, తీరిగ్గా తుడుచుకుంది.

"చెయ్యి తిరిగిన మనిషేనండీ. ఇప్పుడా చెయ్యి కుళాయి కూడా తిప్పలేదు. పొద్దున తనకి తల దువ్వి వచ్చింది నేనే."

యజమాని మొహం పాలిపోయింది. అతనికి నిజంగానే తెలియదు. పూలగుత్తి ఇచ్చాక ఎలా ఉన్నావని ఒక్కసారి అడిగితే కదా తెలిసేది. కానీ నలుగురిలో వెనక్కి తగ్గడం అతనికి చేతకాలేదు. అయితే కుర్చీ ఖాళీ చెయ్యమన్నాడు.

ఆమె కిటికీ పక్కనున్న ఆ కుర్చీ వైపు చూసింది. అక్క తర్వాత తన చేతికొచ్చిన చోటది. అయినా లేచి నిలబడి చెప్పింది.

"కుర్చీ మీదండీ. చేతులు నావి."

కూర్చున్న ఆవిడ జుట్టు మాత్రం తొందరపడకుండా, శుభ్రంగా కత్తిరించి పంపింది. ఆ తర్వాతే కత్తెరలు రెండూ సంచీలో వేసుకుంది.

దారంతా అక్క ఏమంటుందోనన్న బెంగే. పెట్టించిన పని పోగొట్టుకుని వచ్చానని ఏ మొహంతో చెప్పడం? చెప్పక తప్పుతుందా, గుమ్మంలోనే అంతా చెప్పేసింది. రేపు ఎదురు షాపుకెళ్ళి పని అడుగుతానని, కత్తెర తియ్యకముందే కూర్చునే చోటెక్కడని అడుగుతానని కూడా చెప్పింది. అక్క అంతా విని అడిగింది.

"నా మాట ఎత్తాడా?"

"ఎత్తాడు. చెయ్యి తిరిగిన మనిషివన్నాడు."

అక్క నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాటకి ఎన్ని తలలు చేశానే, పిచ్చిదాన్ని అంది. తర్వాత కాలితో స్టూల్‌ని కిటికీ దగ్గరికి తోసుకుని కూర్చుంది.

"నా జుట్టు కత్తిరించు. ఎడంచేత్తో."

"వద్దక్కా, పాడైపోతుంది. మనుషుల మీద ఇంకా చెయ్యలేదు."

"జుట్టేగా. మళ్ళీ మొలుస్తుంది."

చెల్లెలు సంచీ తెరిచింది. అక్క మెడచుట్టూ తువ్వాలు కప్పి, కత్తెర ఎడంచేతిలోకి తీసుకుంది. ఒక్కో పాయనీ కొలిచి కొలిచి కత్తిరించింది. మధ్యలో ఒకసారి ఆగి, కూర్చుని, వేళ్ళు చాపుకుంది. అక్క కదలకుండా ఎదురుచూసింది. అంతా అయ్యాక అద్దం ఎదురుగా పెడితే తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఒక పక్క ఎత్తుగా ఉందే, అరవై."

ఆ పేరుతో అక్క పిలవడం అదే మొదటిసారి.

"ఉండనీ అక్కా. అరవై రావడానికి ఇంకా బోలెడు టైముంది."