తాతగారి పిండి

పొద్దున్నుంచీ రోజాన్ క్యాబేజీ తరుగుతూనే ఉంది. ఈస్టర్‌కి ముందు శుక్రవారాల్లో ఈ ఊరు ఊరంతా మాంసం మానేసి, విరాళాల కోసం ఫైర్ స్టేషన్ వాళ్లు పెట్టే వేపుడు చేపల విందు మీద పడుతుంది. వెనక వంటగదిలో తరగడాలు, తోమడాలు ఆడవాళ్లవి. సాయంత్రం నాలుగింటికి మొగుళ్లు ఎర్ర ఏప్రన్లు కట్టుకుని ముందు హాల్లో నూనె మూకుళ్ల దగ్గర నిలబడతారు, అందరికీ కనబడేలా. పొగడ్తలూ బీరూ అక్కడ. ఉల్లిపాయ కంపు ఇక్కడ.

అందరిలోకీ పేరున్నది ఆమె మొగుడు క్లెమ్ చేపకి. చేపకి పట్టించే ఆ పిండి తన తాత పోలెండ్ నుంచి తెచ్చిన రహస్యమట. తిండి వేళకి తప్ప వంటింటి గుమ్మం తొక్కని మనిషి ఆ తాత. పిండి రోజాన్‌ది. పెళ్లైన కొత్తలో నాలుగుసార్లు పాడుచేసుకుని కుదుర్చుకుంది. ప్రతి గురువారం కలిపి బకెట్‌లో మూతపెట్టి ఇస్తే, అతగాడు బీరు పోసి గరిటె తిప్పుతాడు. అదీ ఆయనగారి బ్రహ్మవిద్య. నేను కలిపానని చెప్పొచ్చుగా అని ఒకసారి అడిగితే, "మనింట్లో నీదీ నాదీ అని ఉందటే?" అని నవ్వాడు. అత్తగారైతే, "వాడు తాగొచ్చి నిన్ను కొడుతున్నాడా? పిండి కోసం ఏడుస్తావేం?" అంది. కొట్టకపోవడం కూడా ఈ ఇంట్లో ఒక ఘనకార్యమే.

ఇవాళ క్లెమ్‌కి సన్మానం. పాతికేళ్లుగా చేపలు వేయించినందుకు మేయర్ వచ్చి ఫలకం ఇస్తాడు. పంచాల్సిన కాగితాలు నిన్న రాత్రి రెండు వందలూ మడిచింది రోజానే. క్లెమ్ గురించి పేజీ నిండా ఉంది. అడుగున, "వంటగదిలోని ఆడవాళ్లకు కూడా ధన్యవాదాలు." పదకొండు మంది, ఒక్క పేరు లేదు. వంటగదితో పాటు వచ్చిన గిన్నెల్లాగా. ఆమెకి ఒళ్లంతా కంపరమెత్తింది. పిండి కలపకుండా, ఖాళీ బకెట్‌కే మూత పెట్టి, వెళ్లి పడుకుంది.

నాలుగింటికి పావుగంట ముందు క్లెమ్ ఆ బకెట్ పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"పిండేదీ? మేయర్ వచ్చేశాడు. బయట వరస చర్చి దాకా ఉంది."

"పిండి, ఆవపొడి, అన్నీ అల్మరాలో ఉన్నాయి. కలుపుకో."

"ఎంతెంత?"

పాతికేళ్లలో ఆ పిండి గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న. కొలతలు ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి, పాడు అలవాటు. పక్కన బంగాళాదుంపలు చెక్కుతున్న స్టెఫీ చెయ్యి ఆపింది. మిగతావాళ్లూ ఆపారు.

"మీ తాతగారి రహస్యం నాకెలా తెలుస్తుంది, క్లెమ్?"

"రోజాన్, పరువు పోతుంది."

"నీదా, నాదా? మనింట్లో అట్లా లేదన్నావుగా."

ఏప్రన్ విప్పి అతని భుజం మీద వేసి, వెనక తలుపు గుండా బయటికొచ్చింది. చుట్టూ తిరిగి వెళ్లి వరస చివర నిలబడింది. ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి, ఆశ్చర్యంగా చూసింది.

"అదేంటమ్మా, ఇవాళ నువ్వు కూడా మీ ఆయన చేప కోసమేనా?"

"అవునండీ," అంది రోజాన్. "ఇవాళ ఆయనే చేస్తున్నాడు."