ఖాసిం రావడానికి ఇంకా టైముంది

సముద్రపు పిట్టలన్నీ ఒడ్డు వదిలేసి బహ్రీ పేట మేడల మీదికి చేరాయి. తుఫాను వస్తోందని దాని అర్థం, అలెగ్జాండ్రియాలో చంటిపిల్లలకు కూడా తెలుసు. రేవులో పడవలవాళ్ళు ఒకరితో ఒకరు అనుకోకుండానే మోకులు బిగించి, టీకొట్టులో దూరి కూర్చున్నారు. హాజీ షౌకీ ఒక్కడే తన పడవలో డీజిలు పోస్తున్నాడు.

"హాజీ, ఖాసిం వస్తున్నట్టున్నాడు, చూసుకున్నావా?" అని కొట్టులోంచి ఎవరో అరిచారు.

"ఈ వారం రాడు. మా తాత కాలం నుంచీ వాడు తన రోజుకే వస్తాడు. మీకు చలేస్తే చలేస్తోందని చెప్పండి, మధ్యలో వాడి పేరెందుకు పాడుచేస్తారు?" అన్నాడు షౌకీ.

ఆ ఊళ్ళో చలికాలపు తుఫానులన్నిటికీ పేర్లున్నాయి, తేదీలున్నాయి. ఖాసిం వాటిలో ఒకడు. పెళ్ళి ముహూర్తమైనా, వల వేయడమైనా ఆ లెక్క చూసుకునే. ఎప్పుడైనా తుఫాను ముందే వచ్చిపడితే తప్పు తుఫానుదంటారు గానీ లెక్కదని ఒప్పుకోరు. షౌకీకి ఈ జబ్బు మరీ ముదిరింది. ముందురోజు వేసిన వల రేవు గట్టు అవతల సముద్రంలో ఉంది, దాన్ని తీసుకురావాల్సిందేనని కూర్చున్నాడు.

పడవ ముందుభాగంలో రిఫాత్ బిగుసుకుపోయి కూర్చున్నాడు. అతను కైరోలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. షౌకీ కూతురు సనియ్యా కైరోలో పిన్నింటికి వెళ్ళినప్పుడు ఆ మేడలో లిఫ్టు ఇరుక్కుపోయింది. అందులోంచి ఆ పిల్లను బయటికి తీసినవాడు ఇతనే. ఆ తర్వాత ఆ మేడలో లిఫ్టు ఊరికే పాడవుతూ ఉండేదని పిన్నిగారు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

పెళ్ళిమాట రాగానే షౌకీ ఫోన్లో తెగేసి చెప్పాడు. "ఆగస్టులో వచ్చి చెరుకురసం తాగి వెళ్ళే కైరోవాళ్ళు నాకొద్దు. చలికాలం రా. మా సముద్రం అసలు మొహం చూసి, అప్పటికీ పిల్ల కావాలంటే మాట్లాడుకుందాం. ఇంకోటి, ఈత రానివాడికి నేను పిల్లనివ్వను."

"ఈతా? చేపలా ఈదుతానండీ" అనేశాడు రిఫాత్. నిజానికి మోకాలిలోతు నీళ్ళలో నిలబడితేనే అతనికి ఊపిరాడదు. సనియ్యాకు ఆ సంగతి తెలుసు. "డిసెంబర్లో నిన్నెవరు నీళ్ళలోకి దింపుతారులే. పెళ్ళయ్యాక నేను నేర్పుతా" అంది. ఆ పేట ఆడపిల్లల్లో రేవు ఈ కొసనుంచి ఆ కొసకు ఈదేది ఆమె ఒక్కతే. తండ్రి దగ్గరుండి నేర్పించాడు, తను ఒడ్డున నిలబడి.

పడవ కదిలింది. గట్టుమీద సనియ్యా, తల్లి నఈమా నిలబడి ఉన్నారు. మొగుడు సముద్రంలోకి వెళ్తున్నప్పుడల్లా నఈమా అలాగే, తల గుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. సనియ్యా మాత్రం "నాన్నా, పిట్టల్ని చూడు!" అని కేకేసింది. షౌకీ వినపడనట్టు ఇంజను వేగం పెంచాడు.

"ఏం కైరో బాబూ, మొహం పాలిపోయింది? పొద్దున తిన్న ఫూల్ గింజల కూర పైకొస్తోందా?"

"లేదండీ హాజీగారూ. గాలి బావుంది."

"ఇది గాలి కాదురా, ఉత్త ఊపిరి. ఖాసిం వస్తే తెలుస్తుంది గాలంటే."

లైఫ్ జాకెట్ల గురించి ఎలా అడగాలా అని రిఫాత్ మథనపడుతుంటే షౌకీయే చెప్పాడు, రెండున్నాయిట, ఇంట్లో మంచం కింద. తనిఖీకి వచ్చినప్పుడు తెస్తాడట. "చేపలా ఈదేవాడివి, నీకెందుకవి?" అన్నాడు.

వల సగం లాగేసరికి గాలి దిక్కు మార్చింది. పడమటివైపు ఆకాశం నల్లబడి, చూస్తుండగానే మీదికొచ్చేసింది. షౌకీ తలెత్తి చూశాడు. నోటితో ఒప్పుకోలేదు గానీ, వలలో మిగిలిన సగాన్ని కోసి వదిలేసి పడవ తిప్పాడు. అది చూసి రిఫాత్ పడవ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. వల వదిలేసుకునే మనిషి కాడు షౌకీ. అంతలో వదులైన వల మోకు అడుగుకు జారి, పడవ వెనక నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

లంగరు వేశారు. అడుగంతా రాయి. లంగరు పట్టకుండా జారుతోంది. గాలి పడవను గట్టువైపు నెడుతోంది. గట్టుకు అడ్డంగా పోసిన కాంక్రీటు దిమ్మల మీద అలలు విరిగి పడుతున్నాయి. ఫోనులో రేవువాళ్ళకు చెప్పినా వాళ్ళు మోకులు విప్పుకుని వచ్చేసరికి ఈ పడవలో చెక్క మిగలదు.

"అబ్బాయ్, కత్తి పట్టుకుని దూకు" అన్నాడు షౌకీ. "వెనకనుంచి వెళ్ళి ఫ్యానుకు చుట్టుకున్న మోకు కోసెయ్."

రిఫాత్ కదల్లేదు.

"ఏరా, వినపళ్ళేదా? దూకమంటుంటే!"

నిజం చెబితే సనియ్యా దక్కదు. చెప్పకుండా దూకితే తను మునుగుతాడు, ఆ మోకు కోసేవాడు లేక ముసలాయనా పోతాడు. రిఫాత్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పిల్లకోసం ఇంతదూరం వచ్చి, పిల్ల తండ్రిని చంపి ఎలా వెళ్ళడం?

"నాకు ఈత రాదు హాజీగారూ."

"ఏంటీ?"

"రాదండీ. అబద్ధం చెప్పాను. ఒడ్డుకెళ్ళాక తిట్టండి, కొట్టండి. పెళ్ళి వద్దంటే సాయంత్రం రైలుకే వెళ్ళిపోతా. ఇప్పుడు మాత్రం మీరు దూకండి. మోకు నేను పట్టుకుంటా."

షౌకీ తిట్టలేదు. దూకనూ లేదు. కత్తిని అలాగే చేతిలో పట్టుకుని దిమ్మలవైపు చూశాడు, తర్వాత నీళ్ళవైపు చూశాడు. రిఫాత్ అప్పటిదాకా ఆ మొహంలో భయం చూడలేదు.

"నాకూ రాదురా" అన్నాడు.

రిఫాత్‌కు నవ్వు రావాలో భయపడాలో తెలియలేదు. "మీకా? బతుకంతా నీళ్ళమీదే కదండీ మీరు?"

"నీళ్ళమీదే, నీళ్ళలో కాదు. మా నాన్నకీ రాదు. పడవ ఉన్నవాడికి ఈతెందుకనేవాడు." షౌకీ మొహం తుడుచుకున్నాడు. "రోజూ భయపడుతూనే వెళ్ళాను. ఎవరితో చెప్పుకోను? నఈమాకి ఒక్కదానికే తెలుసు. తనలాగా నా కూతురు గట్టుమీద నిలబడి చావకూడదని ఈత వచ్చినవాణ్ణి వెతికాను. ఇవాళ ఎవర్ని చూసుకుని బయల్దేరాననుకున్నావు? నిన్ను చూసుకునేరా, వెధవా!"

ఒక పెద్ద అల పడవను ఎత్తి పడేసింది. దిమ్మలు మరీ దగ్గరయ్యాయి, వాటిమీది నాచు కూడా కనిపిస్తోంది. రిఫాత్ బుర్ర ఒక్కసారిగా తనకు తెలిసిన పనిలోకి పరిగెత్తింది. లిఫ్టు గోతిలో ఒకడు తలకిందులుగా వేలాడితే పైనున్నవాడు పట్టుకుంటాడు. అందులో ఈదేదేముంది?

"దూకక్కర్లేదు" అన్నాడు. "కాళ్ళు పట్టుకుని నన్ను వెనకనుంచి దింపండి. అల పడవను ఎత్తినప్పుడు కోస్తాను."

"నా చేతులు కొంకర్లు పోయాయిరా. జారిపోతే?"

"జారనివ్వకండి."

షౌకీ కత్తి అతనికిచ్చి, మిగిలిన మోకు తీసి ఒక కొస రిఫాత్ చీలమండలకు కట్టాడు. రెండో కొసను పడవకు కడతాడనుకుంటే, తన నడుముకు చుట్టుకుని ముడేశాడు. "నువ్వొక్కడివి పోయి, నేను ఒడ్డుకెళ్ళి సనియ్యాకి మొహం చూపించలేను" అన్నాడు.

మొదటిసారి దింపినప్పుడు రిఫాత్‌కు ఏమీ కనబడలేదు. నోటినిండా, ముక్కునిండా ఉప్పునీళ్ళు పోయి, చేతులు వాటంతటవే కొట్టుకున్నాయి. పైకి లాగించుకుని కక్కాడు. రెండోసారి మోకు చేతికి దొరికింది. రెండు కోతలు పడ్డాయి. అప్పుడే పడవ వెనకభాగం పైకి లేచి అతని భుజం మీద దభీమని పడింది. కత్తి జారిపోబోతే ఎడమచేత్తో పట్టుకున్నాడు, అరచెయ్యి తెగింది. పైన షౌకీ దేవుణ్ణీ, ఖాసింనీ, కైరోనీ కలిపి తిడుతున్నాడు. చీలమండల దగ్గర ఆ చేతుల పట్టు మాత్రం కొంచెమైనా సడల్లేదు. ఆ పట్టు ఉన్నంతసేపూ చావనని రిఫాత్‌కు అనిపించింది. మూడోసారి వెళ్ళి, కళ్ళు మూసుకుని, చేతికి తగిలిందల్లా కోశాడు. మోకు ఊడి నీళ్ళలో కొట్టుకుపోయింది.

ఇంజను అందుకునేసరికి దిమ్మలమీద విరిగిన నురుగు పడవలో పడుతోంది. షౌకీ లంగరు వదిలేసి, చుక్కాని మీద పడుకున్నంత పనిచేసి పడవను రేవు నోట్లోకి తిప్పాడు.

టీకొట్టు జనమంతా గట్టుమీదే ఉన్నారు. సనియ్యా చెప్పులు విప్పేసి, తల గుడ్డ నడుముకు బిగించి, దూకడానికి సిద్ధంగా ఉంది. ఆమెను ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు పట్టుకుని ఆపుతున్నారు. నఈమా నోటికి అడ్డంగా ఉన్న కొంగు పంటి కింద నలిగి చిరిగింది.

"ఏం హాజీ, ఖాసిం వచ్చాడా?" అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

"వచ్చాడు. ముందే వచ్చాడు" అన్నాడు షౌకీ. "లెక్క నేనే తప్పాను."

ఆ మాటకే జనం తెల్లబోయారు. టీకొట్టువాడు రిఫాత్ చేతినుంచి కారుతున్న రక్తం చూసి, "కైరో అబ్బాయి దూకాడా ఏంటి? ఈత బాగా వచ్చా?" అన్నాడు.

సనియ్యా మొహంలో రక్తం లేదు. రిఫాత్ తలొంచుకున్నాడు. ఇక తనే చెప్పేస్తే మంచిదని నోరు తెరిచాడు.

"వీడికి ఈత రాదు" అన్నాడు షౌకీ, అందరికీ వినపడేలా.

షౌకీ పెళ్ళాంవైపు చూశాడు, తర్వాత తనతోపాటు పడవలు తోసినవాళ్ళందరివైపూ చూశాడు.

"నాకూ రాదు. ఎప్పుడూ రాలేదు. సనియ్యా, వేసవి రాగానే మీ ఆయనకూ, నాకూ ఇద్దరికీ నేర్పు. ముందు నాకు."

సనియ్యా ఒక్క గంతులో పడవలోకి దిగింది. నఈమా మాత్రం అక్కడే రాళ్ళమీద కూలబడింది. ఏ తుఫానులోనూ ఏడవని మనిషి అందరి ముందూ బావురుమంది.

"ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోశాను కదయ్యా ఆ మాట. ఇప్పటికి దింపావు" అంది.