అభ్యంతరం లేనట్టే

"ఫోలా వాళ్ళమ్మా, ఇంకా ఎంతసేపు? యామ్ దుంపలు దంచుతున్నావా, వాటికి జోల పాడుతున్నావా?" అని ముందుగదిలోంచి మా ఆయన కొలాదే కేకేశాడు.

నేను రోకలి ఆపలేదు. మా అత్తగారు ఊరినుంచి వస్తే మా ఇబాదాన్ నగరంలో సగంమంది ఆవిణ్ణి చూడ్డానికి వస్తారు. మిగతా సగం దారి తప్పి మర్నాడు వస్తారు. అందరికీ దంచిన ముద్ద, ఎగుసి గింజల కూర కావాలి.

పొయ్యి పక్కన స్టూలు మీద నా లాప్‌టాప్ తెరిచే ఉంది. ఫోలా పుట్టకముందు నుంచీ, ఉద్యోగం చేసుకుంటూనే, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కి జీతం లేకుండా వివరణ పుస్తకం రాస్తున్నాను. తెరమీదా కాగితంమీదా అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ అది. మా యొరూబా భాషలో అక్షరం కింద చుక్క, నెత్తిన గీత ఉంటాయి. ఫాంట్ సరిగ్గా పట్టుకోకపోతే చుక్క పక్కింటి అక్షరం కిందికి కాపురానికి పోతుంది. దాన్ని ఎలా ఆపాలో చెప్పే అధ్యాయం నాది. ఇక్కడ బడిపుస్తకాలు అచ్చువేసేవాళ్ళు ఆ అధ్యాయం చూసుకునే పని చేస్తారు. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద డెవలపర్ హెండ్రిక్ మా ఆన్‌లైన్ చర్చలో ఇలా పెట్టాడు: "మన ప్రమాణాలకి ఈ అధ్యాయం మరీ పొడుగు. ఎవరు చదువుతారండీ? తీసేద్దాం. శుక్రవారం సాయంత్రంలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే." అక్కడి పద్ధతే అది.

ఇవాళ శుక్రవారం. చెయ్యి కడుక్కుని "నాకు అభ్యంతరం ఉంది, ఎందుకంటే" దాకా కొట్టాను. కొలాదే వచ్చి లాప్‌టాప్ చంకన పెట్టుకున్నాడు.

"అమ్మకి ఫోలా పుట్టినరోజు ఫోటోలు చూపించాలి."

"కాసేపు ఆగు, ఇది ఇప్పుడే పంపాలి."

"ఒక్క నైరా రాలని పనికి అంత తొందరేమిటి? నీ చుక్కలు ఎక్కడికీ పోవులే."

"నా కాలంలో మొగుడే చుక్కలు చూపించేవాడమ్మా. కంప్యూటర్ అక్కర్లేకపోయింది," అంది అత్తగారు, నేను పళ్ళెంతో ముందుగదిలోకి వెళ్ళేసరికి. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, పళ్ళెం చేతిలో ఉండగా ఏం చేస్తాం.

లాప్‌టాప్ తిరిగొచ్చేసరికి చీకటి పడింది. తెరనిండా పామాయిల్ వేలిముద్రలు. వాటి వెనక హెండ్రిక్: "అభ్యంతరాలు రాలేదు. తీసేశాను. అందరి సహకారానికీ ధన్యవాదాలు." కింద జవాబు రాసే పెట్టెలో నా సగం వాక్యం అలాగే ఉంది. ఇంత బాగా సహకరించేదాన్ని పెట్టుకుని ఈ దేశం ఇంకా నాకు విగ్రహం ఎందుకు నిలబెట్టలేదో తెలీదు.

గిన్నెలు తోముతుంటే కొలాదే గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నట్టు, అమ్మ ఇక ఇక్కడే ఉంటుంది. నువ్వు ఉద్యోగం మానేస్తావని చెప్పేశాను."

"నన్నడిగావా?"

"ఆదివారం అడిగాగా! ఉల్లిపాయలు వేయిస్తూ ఏమీ అనలేదు. సరేనన్నట్టేగా?"

ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇంకో పద్ధతి కూడా ఉంది. నచ్చనివాళ్ళు మొత్తం నకలు తీసుకుని విడిగా నడుపుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. గిన్నెలు సగంలో వదిలేసి, నా అధ్యాయంతో సహా నకలు తీసుకున్నాను. తర్వాత ఫోలా బట్టలు బ్యాగులో సర్ది, పైన లాప్‌టాప్ పెట్టాను.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఎవరికీ గడువు ఇవ్వలేదు.