గడ్డి దుడ్డె

మా మామ ఐలయ్యకు ప్రతి ఆగస్టు పదిహేనున మా వెనక అపార్ట్‌మెంట్ వాళ్ళు శాలువా కప్పి, పిల్లలతో చప్పట్లు కొట్టిస్తారు. పదహారో తారీఖున పేడ వాసన వస్తోందని మున్సిపాలిటీకి ఫిర్యాదు పెడతారు. ఏటా ఇదే తంతు. ఆ శాలువాలు ఇంట్లో తొమ్మిది ఉన్నాయి, చలికి ఒక్కటీ అక్కరకు రాదు. నాకు ఒళ్ళు మండిపోయేది కానీ మామ నవ్వి ఊరుకునేవాడు.

నేను ఆయన కోడలిని, భూలక్ష్మిని. కొండాపూర్‌లో ఈ అద్దాల మేడల మధ్య మూడు వందల గజాల్లో రెండు గదుల ఇల్లు, రేకుల కొట్టం మావే. ఒకప్పుడు కొట్టంలో ఇరవై రెండు బర్రెలుండేవి. ఊరు అమ్ముడుపోయినకొద్దీ మేత పోయింది, మేత పోయినకొద్దీ బర్రెలు పోయాయి. చివరికి మిగిలింది చుక్కి ఒక్కటే.

డెబ్బై ఒకటి యుద్ధం నాటికి మామకు ఇరవై ఏళ్ళు, పటాలంలో సిపాయి. తూటాలు పడుతుంటే గాయపడ్డ ఇద్దరిని ఒకరి తర్వాత ఒకరిని వీపు మీద మోసుకొచ్చాడు. మూడోవాడు ఆయన జతగాడు, నల్లగొండ దిక్కు పిల్లవాడు. మామ వెళ్ళేసరికే వాడి ప్రాణం పోయింది. మామకు పతకం ఇచ్చారు, పేపర్లో ఫోటో కూడా పడిందట. సెలవు దొరకగానే ఆయన సొంత ఇంటికి రాలేదు, ముందు ఆ పిల్లవాడి ఊరికి పోయాడు. చావు కబురు తంతిలో ఎప్పుడో అందింది కానీ ఊరివాళ్ళు ఆ తల్లికి చెప్పలేదు. దూరం బదిలీ అయ్యాడు, పంటల నాటికి వస్తాడని నమ్మించారు. ఆమె కొడుకు కోసం కోడిపుంజును మేపుతోంది. మామ ఆమె ఎదురుగా కూర్చుని ఉన్న మాట చెప్పేశాడు. ఆమె లాగి చెంప మీద కొట్టింది. తర్వాత ఆయన్నే పట్టుకుని పొద్దుగూకేదాకా ఏడ్చింది.

పటాలం నుంచి వచ్చాక బ్యాంకులో తుపాకి పట్టుకుని నిలబడే ఉద్యోగం ఇస్తామంటే ఆయన వద్దన్నాడు. తుపాకితో తన పని అయిపోయిందన్నాడు. చేతికొచ్చిన డబ్బుతో రెండు బర్రెలు కొన్నాడు. సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని బోరబండ దాకా పాలు పోసేవాడు. ఆ పాలతోనే మమ్మల్నందరినీ సాకాడు.

కొట్టంలో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బర్రె మొదట తన పిల్లను, దుడ్డెను, చూడాలి, నాకాలి, అప్పుడే చేపుతుంది, పొదుగులోకి పాలు దింపుతుంది. దుడ్డె చచ్చిపోతే పాలవాళ్ళు దాని తోలు తీసి, లోపల గడ్డి కుక్కి, కుట్టి తల్లి ముందు నిలబెడతారు. పిచ్చిది దాని బిడ్డే అనుకుని పాలిస్తుంది. మా కొట్టంలో మాత్రం అది కుదరదు. ఆ కాన్పు పాలన్నీ పోయినా సరే, గడ్డి దుడ్డె గడప తొక్కకూడదు. మా పెళ్ళైన కొత్తలో మా ఆయన వేణు దొంగచాటుగా ఒకటి కుట్టించి తెచ్చాడు. మామ దాన్ని పేడ గుంతలో పారేసి, కొడుకుతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు. బిడ్డ పోయిన సంగతి తల్లికి తెలియాలి, మోసం చేసి పిండిన పాలు మనకొద్దు అన్నాడు. మొండి మనిషి.

మూడేళ్ళ కింద వేణు బోరబండలో పాలు పోసి వస్తుంటే టిప్పర్ గుద్దింది. దవాఖానకు కూడా పోలేదు, అక్కడికక్కడే. మామే కొరివి పెట్టాడు. కన్నీటి చుక్క రాలలేదు. అంత గట్టివాడనుకున్న మనిషి నాలుగు నెలలు తిరగకుండానే పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి చెయ్యి చచ్చుబడింది, జ్ఞాపకంలో నిన్నటిదీ మొన్నటిదీ కలిసిపోయాయి. దవాఖాన నుంచి వచ్చిన రోజు సాయంత్రం నేను పాలు పిండుతుంటే పక్కన కూర్చుని, "వేణు ఇంక రాలేదేంది?" అని అడిగాడు.

 చెబితే ఈ మనిషి కూడా పోతాడేమోనని భయపడ్డాను. "బోరబండకు పోయిండు మామా, వస్తడు" అన్నాను. ఆయన తల ఊపి, ఆ పూట కడుపునిండా తిన్నాడు.

ఇక రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. నా కూతురు హర్షిణి రోడ్డుకు అవతలి మేడలో పదకొండో అంతస్తులో పనిచేస్తుంది. తాతకు ఇట్లా అబద్ధం చెప్పడం పాపమని నా మీద కోపానికొచ్చింది. నాకూ కోపం వచ్చి, అంత పుణ్యాత్మురాలివి నువ్వే పోయి చెప్పు అన్నాను. పోయింది, తాత పక్కన గంటసేపు కూర్చుంది, ఏమీ చెప్పకుండానే లేచొచ్చింది. రెండున్నరేళ్ళు గడిచాయి.

ఈ ఎండాకాలం మొదట్లో చుక్కి ఈనింది. పన్నెండో రోజు దుడ్డె విరేచనాలు పట్టి, పారి పారి చచ్చిపోయింది. చుక్కి ఒకటే అరుపు, పొదుగు మీద చెయ్యి వెయ్యనియ్యదు. హర్షిణి ఇక అమ్మేద్దామంది. అమ్మేద్దామనడం తేలికే. పొద్దంతా మంచంలో ఉండే మామ సాయంత్రం పాల వేళకే లేస్తాడు. కర్ర పట్టుకుని కొట్టంలోకి వచ్చి, పీట మీద కూర్చుని, ఎడమ చెయ్యి బర్రె వీపు మీద పెడతాడు. ఆ కాసేపే ఆయన మనిషిలా ఉంటాడు. చుక్కి వట్టిపోతే దాన్ని ఉత్తగా మేపే శక్తి మాకు లేదు. చుక్కి పోతే ఆయన మళ్ళీ మంచం దిగడు.

అందుకని బోరబండలో తోలు పని తెలిసిన ముసలాయనను పిలిచి గడ్డి దుడ్డెను కుట్టించాను. అవును, కుట్టించాను. మామతో మాత్రం దుడ్డెను డాక్టరు దగ్గరికి పంపించానన్నాను. ఒక అబద్ధం ఆడిన నోటికి రెండోది కష్టమా?

మొదటి పొద్దున దాన్ని ముందర పెట్టగానే చుక్కి వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. పాలు చేపింది. ఛీ, ఎంత పని చేశానే అనిపించింది. అయినా చెంబు నిండేదాకా పిండాను. సాయంత్రాలు మామ లేవకముందే పిండుకుని, ఆయన వచ్చేసరికి దుడ్డెను గడ్డివామి వెనక దాచి, మిగిలిన నాలుగు ధారలు ఆయన ముందు పిండేదాన్ని.

నాలుగో సాయంత్రం మామ ముందే లేచాడు. కర్ర చప్పుడు వినేసరికి తల తిప్పాను, ఆయన కొట్టం గుమ్మంలో ఉన్నాడు. గడ్డి దుడ్డె మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది. చుక్కి దాన్ని నాకుతోంది.  కొడుకునే ఎనిమిది రోజులు వెలేసిన మనిషి, నన్నేమంటాడో.

ఆయన మెల్లగా వచ్చి దాని కడుపు తడిమాడు. కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. తప్పైంది మామా, ఇప్పుడే పారేస్తానన్నాను.

"ఉండనియ్యి బిడ్డా" అన్నాడు. "పారేస్తే చుక్కి ఎట్ల బతుకుతది?"

పీట మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి చుక్కి వీపు మీద పెట్టాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"వేణుకు కొరివి పెట్టింది నేనే గద. మొదట్ల నిజంగనే యాది లేకుండె. తర్వాత అంత యాదికొచ్చింది. గని నువ్వు వస్తడంటే ఆ పూట బుక్కెడు అన్నం లోపటికి పోతుండె. గందుకే అడుగుతున్న." చుక్కిని నిమురుతూ, "నల్లగొండ తల్లికి నేను చెప్పకుండ ఉండాల్సింది" అన్నాడు.

 నా చేతులు వాటంతట అవే పాలు పిండుతూ పోయాయి. ఎప్పటి నుంచి తెలుసని కూడా అడగలేదు. ఆయన ఎడమ చేత్తో నా తల నిమిరి, కర్ర పట్టుకుని లోపలికి పోయాడు.

మరునాడు సాయంత్రం మామ వచ్చి ఎప్పటిలాగే కూర్చున్నాడు. పాలు పిండడం అయిపోయింది. ఆయన అడగలేదు. చెంబు కడిగాను, కుడితి పెట్టాను, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. తనకు అంతా గుర్తుందన్న సంగతి నాకు తెలిసిపోయింది, ఇక ఏ ముఖంతో అడుగుతాడు? రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఆయన పడుకున్నాక కొట్టంలోకి వచ్చి నిలబడ్డాను. రెండున్నరేళ్ళు రోజుకొక్కసారి నా మొగుడు వస్తాడని నా నోటితో నేను అన్నాను. మామ కోసమే అంటున్నాననుకున్నాను. ఈ రోజు ఎవరూ అడగలేదు కాబట్టి ఆ మాట అనలేదు, అనకపోయేసరికి వేణు ఇక రాడని నాకు తెలిసింది. అక్కడే నేల మీద కూలబడి, వేణు పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చాను.