తోల్కొస్తం.భారత్

బండి వెనక తలుపులు రెండూ బార్లా తెరిచి, చెప్పులు కింద విడిచి లోపలికెక్కాడు ఐలయ్య. గొంతుక్కూర్చుని, ఫినాయిలు కలిపిన నీళ్లు చల్లుకుంటూ కొబ్బరి పీచుతో నేలను మూలమూలలా రుద్దసాగాడు. పెట్టె కదలకుండా కట్టే పట్టీలను విడిగా బకెట్లో నానబెట్టాడు. బండి ఖాళీగా ఉన్నా సరే, ఆ లోపలికి అతను చెప్పులతో ఎక్కిన రోజు లేదు.

మనిషి పొడుగు. స్టీరింగు మీద వంగి వంగి వీపు కాస్త గూనిబారింది. కిటికీ వైపు ఎండ పడీ పడీ కుడి చెంప ఎడమ చెంపకన్నా నల్లబడింది. ఖాకీ చొక్కా, మెడ చుట్టూ తువ్వాల. మాట్లాడుతుండగా పైన విమానం పోతే నోరు మూసుకుని, అది దాటాక ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లీ అందుకుంటాడు. శంషాబాద్‌లో చాలామందికి ఉన్న అలవాటే అది.

విమానాశ్రయంలో జనం దిగే ద్వారం వేరు, సరుకు దిగే ద్వారం వేరు. మస్కట్‌లోనో దమ్మాంలోనో కన్నుమూసినవాళ్లు ఈ రెండో ద్వారంలోంచి వస్తారు. కాగితాల మీద వాళ్లూ సరుకే. పూలపెట్టెలకూ మందుల డబ్బాలకూ వేసినట్టే వాళ్లకూ తూకం వేస్తారు. అక్కడినుంచి వాళ్లను ఊళ్లకు చేర్చడం ఐలయ్య పని. విమానాశ్రయం కడుతున్నప్పుడు అతను ఇక్కడే నీళ్ల ట్యాంకరు నడిపాడు. అంతకుముందు ఇక్కడే జొన్నచేను దున్నాడు. ఆ చేను ఎక్కడుండేదని ఎవరైనా అడిగితే చెయ్యి చాపి రన్‌వే వైపు చూపిస్తాడు, అంతే.

కడగడం అయ్యాక తడిగుడ్డతో బండి పక్క రేకు తుడిచాడు. తెల్లరేకు మీద నీలం అక్షరాలు దుమ్ములోంచి తేలాయి. తోల్కొస్తం.భారత్. దాని కింద అతని ఫోన్ నంబరు.

"ఐలన్నా, ఆ రాత ఇంక తియ్యలేదా?"

రవీందర్ వచ్చాడు. సరుకు వైపు శవాల బండ్లను నడిపించే కంపెనీలో సూపర్‌వైజరు. ఐలయ్య తన సొంత బండిని ఆ కంపెనీ లైన్లోనే పెట్టి తిప్పుతాడు. చెడ్డవాడు కాదు. నిరుడు ఐలయ్యకు జ్వరమొస్తే తన బైకు మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు పోయింది అతనే.

"తియ్యలే."

"ఇయ్యాల ఆఖరు దినమని చెప్పిన కద. అన్ని బండ్లు ఒక్క తీరుగ ఉండాలె. కంపెనీ పేరు, కంపెనీ వెబ్‌సైటు, ఇంగ్లీషుల. పైనోళ్లు నీ అడ్రసు కంప్యూటర్ల కొట్టి చూసిండ్రు. ఎక్స్ అని, ఎన్ అని, రెండు గీతలు, ఎన్కకు ఏవో పిచ్చి అక్షరాలు వచ్చినయట. దొంగ సైటనుకుంటున్నరు."

ఐలయ్య గుడ్డ పిండాడు. "మీ కంప్యూటర్‌కు తెలుగు సదువు రాకుంటే నాదేం తప్పు రవీందర్?"

"నవ్వులాట కాదన్నా. పొద్దుగూకే దాకా తియ్యకుంటే నీ బండిని లైన్లకెల్లి తీసేస్తరు."

"తియ్యమను."

విమానం ఒకటి నెత్తిమీదుగా గర్జిస్తూ దిగింది. ఇద్దరూ ఆగారు. చప్పుడు సద్దుమణిగాక, మొదటిసారి వినపడలేదేమో అన్నట్టు, ఐలయ్య మళ్లీ అన్నాడు. "తియ్యమను."

ఆ రాత వెనక ఒక ఆడమనిషి ఉంది. జగిత్యాల దిక్కు నుంచి వచ్చింది. జనం దిగే ద్వారం దగ్గర, పూలగుత్తులు పట్టుకుని ఎదురుచూసే వాళ్ల మధ్య, భర్త శవపేటిక కోసం రెండు రోజులు నిలబడింది. చనిపోయినవాళ్లు అటునుంచి రారన్న సంగతి ఆమె ఫోన్‌కు ముందే వచ్చింది. కానీ ఇంగ్లీషులో వచ్చింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. పెట్టె అప్పటికి సరుకుల గదిలో ఉంది. చాయ్ తాగుదామని అటువైపు పోయిన ఐలయ్య ఆమెను చూసి, సంగతి అడిగి, సరుకు వైపు తీసుకొచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు కూర్చుని, కలిపిన అన్నం కలిపినట్టే పెట్టుకుని కూతురిని అడిగాడు.

"గంత పెద్ద ఇంటర్నెట్ల, బిడ్డా, గీ ముచ్చట తెలుగుల రాసిపెట్టేటందుకు జర జాగ లేదా?"

అతని కూతురు సరిత అత్తాపూర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. కాగితాలు ఏవేవి కావాలో, ఏ విమానంలో ఎవరు వస్తున్నారో, ఏ ద్వారం దగ్గర నిలబడాలో అంతా తెలుగులో రాసి ఒక పేజీ తయారు చేసింది. పేరు మాత్రం ఐలయ్య పెట్టాడు. తీసుకొస్తం అని పెడదాం బాపు అని సరిత అంటే ఒప్పుకోలేదు.

"సామాన్లనైతే తీస్కొస్తరు. మనుషులను తోల్కొస్తరు."

మొదట ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టారు. ఒకరు హెచ్ కలిపి కొట్టారు, ఒకరు కలపకుండా కొట్టారు, ఒకరు చివర సున్నాకు ఎన్ పెట్టారు. ఒక ముసలాయనకైతే ఎక్కడో లారీలు అమ్మేవాళ్ల పేజీ తెరుచుకుంది. సరిత తల పట్టుకుంది. తెలుగు అక్షరాల్లోనే అడ్రసు తీసుకోవచ్చని, చివర డాట్ కామ్‌కు బదులు .భారత్ అని పెట్టుకోవచ్చని ఆమెకు తర్వాత తెలిసింది. తెలుగులో పలికినట్టే రాస్తారు. బండి మీద చూసింది చూసినట్టు కొడితే చాలు. అప్పట్నుంచి ఐలయ్య ఫోన్‌కు అడ్రసు అడిగే కాల్స్ తగ్గిపోయాయి. జనం నేరుగా సరుకు ద్వారం దగ్గరికే వస్తున్నారు, కావలసిన కాగితాలు చేతిలో పట్టుకుని.

మధ్యాహ్నం మస్కట్ పెట్టె వచ్చింది. కుర్మయ్య, మేస్త్రీ పని, కొత్తూరు దాటి లోపలికి పోతే ఊరు. భార్య సత్తెమ్మ, ఆమె మరిది మహేష్ పొద్దున్నుంచే వచ్చి కూర్చున్నారు. సత్తెమ్మ బక్కపలచని మనిషి. నలిగిన పసుపుపచ్చ చీర కొంగును నడుముకు బిగించి చెక్కుకుంది. ఏడవలేదు. ఫోన్‌ను రెండు చేతులతో, దీపాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది.

లైన్లో అందరికన్నా ముందు కంపెనీ కొత్త బండి నిలబడి ఉంది. ఐలయ్య బండి ఎక్కడో వెనక, గోడ పక్కన ఉంది. రవీందర్ దగ్గరికొచ్చాడు.

"అక్కా, బండి తయారున్నది. పెట్టె ఎక్కిస్తం."

సత్తెమ్మ ఆ బండి చుట్టూ తిరిగి చూసింది. రెండు పక్కలా ఇంగ్లీషు అక్షరాలు.

"ఇది కాదు."

"ఏ బండైతేంది అక్కా? అన్నీ ఒక్కటే."

"ఒక్కటెట్లయితయి? తోల్కొస్తం అని రాసున్న బండి ఏది?"

మహేష్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "వదినె, ఏదో ఒక బండి తీస్కో. ఊర్ల అందరు ఎదురుచూస్తుంటరు."

"నువ్వాగు మహేష్." ఆమె గొంతు పెద్దదేమీ కాదు. కానీ కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు తల తిప్పారు. "మీ అన్న పోయిండని మస్కట్‌కెల్లి ఏమేమో వచ్చినయి. ఒక్కటన్న నాకు సదవనొచ్చిందా? అందరు నాకు సదివి చెప్పినోళ్లే. ఎవ్వరికి తోచినంత వాళ్లు చెప్పిండ్రు. గుండె ఆగి పోయిండని ఒకలు, మీదికెల్లి పడ్డడని ఒకలు. పక్కూరికొచ్చిన బండి మీద గీ ఒక్కటి నేను సదువుకున్న. నా ఏలుతోని కొట్టిన. ఇయ్యాల వస్తడని, గీడ నిలవడాలెనని అండ్లనే చూసిన. నా మొగడు గా బండిలనే ఇంటికొస్తడు. లేకుంటే నేను గీడికెల్లి లెవ్వ."

లేవనని అన్నది గాని, అప్పటికి ఆమె కూర్చోలేదు. అన్నాక కూర్చుంది, కంపెనీ బండి ముందర, సిమెంటు నేల మీద.

ఇంటివాళ్లు కోరిన బండిని ఎవరూ ఆపడానికి లేదు. ఆ సంగతి రవీందర్‌కూ తెలుసు. పైనోళ్లకు ఫోన్ చేయబోయి మానుకున్నాడు. కంపెనీ బండి తాళంచెవులు తీసుకుని తానే ఎక్కి, దాన్ని వెనక్కి జరిపాడు. ఐలయ్య బండి ముందుకొచ్చింది. సత్తెమ్మ లేచి, బండి పక్క రేకు దగ్గరికి పోయి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది.

పెట్టె ఎత్తడానికి నలుగురు కావాలి. ఐలయ్య చెప్పులు విడిచాడు. మహేష్ విడిచాడు. సరుకు దించే హమాలీ ఒకడు విడిచాడు. నాలుగో మూల పట్టిన రవీందర్ ఒక్క క్షణం ఆగి, వంగి, బూట్ల లేసులు విప్పుకున్నాడు.

హైవే మీద సత్తెమ్మ ముందు సీట్లో కూర్చుంది. మహేష్ వెనక, అన్న పక్కన కూర్చున్నాడు. షిఫ్టు వదిలిన ఆడపిల్లలు కొత్తూరు ఫ్యాక్టరీల ముందు ఆటోల కోసం నిలబడి ఉన్నారు.

"గా ల్ కింద క వత్తు ఉంది కదన్నా," అంది సత్తెమ్మ ఉన్నట్టుండి, "అది దొరకక చానసేపు పరేషానైన. ల్ అయితే వస్తది, క పక్కకు పోతది. కొట్టుడు, తుడుసుడు."

"దొరికినంక?"

"దొరికినంక తెరుసుకున్నది. కుర్మయ్య అని ఉంది అండ్ల. మంచిగ, తెలుగుల, ఆయన పేరు."

అప్పుడు ఏడ్చింది. ఐలయ్య వేగం తగ్గించి, బండిని రోడ్డు ఎడమ అంచుకు తెచ్చి, కుదుపు లేకుండా మెల్లగా నడిపాడు. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతూ దాటిపోయాయి.

ఊళ్లో జనమంతా వాకిట్లో ఉన్నారు. పెట్టె దించాక ఐలయ్య అక్కడే తొట్టి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. సత్తెమ్మ ఆడవాళ్ల మధ్యనుంచి ఒకసారి తలెత్తి చూసింది. అతను చెయ్యెత్తి, బండి తిప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సరుకు ద్వారానికి తిరిగొచ్చాడు. రవీందర్ గదిలో ఒక్కడే ఉన్నాడు, పేర్లున్న బోర్డు ముందు. అందులో ఐలయ్య పేరున్న చోట అప్పటికే తుడిచిన మరక ఉంది.

"పైనుంచి ఫోనొచ్చిందన్నా," అన్నాడు రవీందర్ అతని వైపు చూడకుండా. "రాత తీస్తే మళ్ల రాస్త నీ పేరు. ఇప్పుడంటె ఇప్పుడు. పెయింటరు కూడ ఉన్నడు బయట."

"పెయింటరు ఉన్నడా?"

"ఉన్నడు."

"మంచిదే. రెండో పక్క రేకు ఖాళీగున్నది. గాడ కూడ రాయమంట, ఇంక జర పెద్దగ."

రవీందర్ నవ్వబోయి ఆగిపోయాడు. "రేపటికెల్లి ఎట్ల మరి?"

"గేటు బయట్నే ఉంట. చూసి పిలిచినోళ్లు పిలుస్తరు. మా బండి అని చెప్పి వాళ్లే లోపటికి తోల్కొస్తరు నన్ను. ఆపుతవా?"

"నేనెట్ల ఆపుతనన్నా."

"గంతే ఇగ."

మెడలోంచి గేటు పాసు తీసి బల్ల మీద పెట్టి, ఐలయ్య బయటికి నడిచాడు. పెయింటర్‌తో ఏదో చెప్పడం, ఇద్దరూ నవ్వడం, డబ్బా మూత తెరుచుకోవడం గదిలోకి వినపడ్డాయి. రవీందర్ పాసును చేతిలోకి తీసుకున్నాడు. చెమటకు అంచులు పసుపెక్కిన ప్లాస్టిక్ కార్డు. ఫోటోలో ఉన్నది ఐలయ్యే. కింద ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం, ఇన్నేళ్లలో ఒక్కరూ దిద్దకుండా వదిలేసిన పేరు, అలియా.